ఏడుపు రాని దొరసాని

ఆడబిడ్డ ఆటో దిగీ దిగగానే రూప్లి ఆమె చేతికి చెంబెడు మంచినీళ్ళు ఇచ్చింది.

వేరే ఎక్కడైనా అది మర్యాద. టేకులపల్లి దాటాక అడవి అంచున ఉన్న ఆ లంబాడీ తండాలో మాత్రం అది మొహం మీద తలుపు వేసినంత పని. చాన్నాళ్ళకు పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డను గడపలోనే మెడ పట్టుకుని ఏడవాలి. ఉత్త ఏడుపు కాదు. దాన్ని ఢావ్లో అంటారు. దానికో రాగముంది, మాటలున్నాయి. మధ్యలో పోయినవాళ్ళ పేర్లుంటాయి, 'మమ్మల్ని మరిచితివా' అనే నిష్ఠూరం ఉంటుంది. వచ్చినామె కూడా అదే రాగంలో జవాబు చెబుతూ ఏడవాలి. ఇద్దరూ ముక్కులు తుడుచుకున్నాకే మంచినీళ్ళు. ఏడవకుండా నీళ్ళిచ్చారంటే, జనాభా లెక్కలు రాసుకోవడానికి వచ్చిన మనిషికి ఇచ్చినట్టే.

హేమ్లి చెంబు అందుకుంది. రూప్లి ముఖం వంక ఒక్క చూపు చూసింది. గుటగుటా తాగి, "చల్లగున్నయి" అంది.

వాకిట్లో నిలబడ్డ నలుగురు ఆడవాళ్ళు కళ్ళతోనే మాట్లాడుకున్నారు. రూప్లి అది చూసీ చూడనట్టు చెంబు తీసుకుని లోపలికి పోయింది. ఆమె లెక్క ఆమెకుంది. హేమ్లి నాటకాల మనిషి, సినిమాల మనిషి. ఆమె మెడ పట్టుకుని తను గుండె పగిలేలా ఏడ్చాక, అవతల ఆమె ఉత్తుత్తి ఏడుపు ఏడిస్తే? పోయేది ఎవరి పరువు?

ఆ సాయంత్రం రూప్లి మొగుడు హరిలాల్ పెరట్లో గేదెకు కుడితి పెడుతూ పెళ్ళాంతో మెల్లగా మాట కదిపాడు. వాళ్ళింట్లో మాట లంబాడీ. అందరికీ తెలియడానికి తెలుగులో చెప్పుకుందాం.

"అక్కకు మోకాళ్ళు పోయినయే. ఖమ్మంల కిరాయి ఇంటి మెట్లు ఎక్కలేకపోతున్నది. ఇగ ఇక్కడనే ఉంటా అంటున్నది. ఎనక అర్ర ఉన్నది గదా."

"ఉన్నది."

"మరి?"

"పెండ్లి కానియ్యి. అప్పుడు చెప్త."

పెళ్ళి తొమ్మిది రోజుల్లో ఉంది. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు శ్రావణిది. తిరుమలాయపాలెం మండలంలో పంచాయతీ సెక్రటరీగా చేస్తోంది. ఈ తొమ్మిది రోజుల్లో ఆడబిడ్డ మనసులో ఉన్నదేమిటో, ముఖం మీద ఉన్నదేమిటో తేల్చుకోవాలని రూప్లి నిశ్చయించుకుంది. తేలితే ఉంచడం, తేలకపోతే ఆటోకు ఫోన్ చేయడం. హరిలాల్‌కు ఈ ఇంటి సంగతులు తెలుసు కనుక కుడితి తొట్టి వైపు తిరిగాడు.

హేమ్లి సంగతి తండాలో అందరికీ తెలుసు; ఒక్కొక్కరికి ఒక్కోలా తెలుసు. రూప్లికి తెలిసింది అత్తగారు చెప్పినది.

హేమ్లికి పుట్టుకతోనే పిల్లికళ్ళు, మేలిమి పచ్చని ఒళ్ళు. పదిహేడో ఏట టేకులపల్లి హాస్టల్లో ఉండి చదువుకుంటుండగా బొగ్గుబాయి కార్మికుల సంబరాలకు ఖమ్మం నుంచి ఒక నాటక సమాజం వచ్చింది. నాటకం పేరు 'అడవి పన్ను'. తెల్లదొర గవర్నర్ అడవి మీద పన్ను వేస్తాడు, జనం తిరగబడతారు. దొర భార్య వేషం ఎప్పుడూ ఒక మగాయన కట్టేవాడు. ఆ రోజు ఆయనకు పౌడర్ కింది నుంచి గడ్డం నల్లగా మొలుచుకొస్తుంటే జనం ఈలలు వేశారు. హార్మోనియం ముందు కూర్చున్న సమాజం పెద్ద దూలయ్య సిగ్గుతో తల తిప్పుకున్నాడు. తిప్పుకున్న వైపే, ముందు వరుసలో నోరు తెరుచుకుని చూస్తున్న హేమ్లి కనిపించింది.

"ఈ పిల్లకు పౌడర్ సుత అక్కర లేదు. దేవుడే మేకప్ చేసి పంపిండు" అన్నాడట.

నాలుగో రోజు పొద్దున్నే హేమ్లి ఖమ్మం బస్సెక్కింది. ఆ తండాలో ఆడపిల్ల ఇల్లు దాటిందంటే అందరి మెడలూ పట్టుకుని ఏడ్చి దాటాలి. హేమ్లి ఎవరి మెడా పట్టుకోలేదు. తల్లి ఆ మాట చచ్చేదాకా అంటూనే ఉంది: "నా బిడ్డ పోతే పోయింది. ఏడ్వకుండ పోయింది."

అలా టేకులపల్లి అడవిలో పుట్టిన పిల్ల ఇరవై ఆరేళ్ళు ఇంగ్లండు దొరసానిగా బతికింది. ఖమ్మంలో దర్జీ సర్వర్ పాత కర్టెన్ గుడ్డలతో ఆమెకు గౌను కుట్టాడు. గౌను గుడారంలా నిలబడాలంటే లోపల చట్రం కావాలి కదా, దానికి మేదరోళ్ళ దగ్గర వెదురు బద్దలు చేయించాడు. ఆ చట్రం బస్సు తలుపులో పట్టదు. దాన్ని బస్సు పైన కట్టి తీసుకుపోతుంటే దారిలో జనం కోళ్ళ గంప అనుకునేవారు. మధిరలో ఒకసారి తెర వెనక ఇనప కుర్చీ ఒకటి చట్రానికి తగులుకుంది. చూసుకోకుండా హేమ్లి కుర్చీతో సహా స్టేజీ మీదికి వచ్చేసింది. కుర్చీ గరగరమంటూ వెనకాలే వచ్చింది. దూలయ్య హార్మోనియం ఆపేశాడు. హేమ్లి రెప్పయినా వేయకుండా నడిమధ్యకు వచ్చి, వెనక్కి చూడకుండా, ఆ కుర్చీలోనే కూర్చుంది. జనం చప్పట్లు కొట్టారు. ఆ రోజు నుంచి నాటకంలో దొరసానికి కుర్చీ ఖాయమైపోయింది.

ఆమెకు వచ్చిన ఇంగ్లీషు పద్నాలుగు మాటలు. వాటినే ముందుకూ వెనక్కూ మార్చి, గడ్డం పైకెత్తి అంటే చాలు, ఎవరికీ అనుమానం వచ్చేది కాదు. అసలు చిక్కు ఆ అనుమానం రాకపోవడమే. పర్ణశాలలో ఆట అయిపోయాక ఒక ముసలాయన తెర వెనక్కి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయన చేతిలో పోడు భూమి పట్టా కోసం రాయించిన కాగితం. "దొరసానమ్మా, దొరకు ఒక్క మాట చెప్పరాదు" అన్నాడు. తెల్లదొరలు పోయి నలభై ఏళ్ళయిందని హేమ్లి ఎలా చెబుతుంది, గౌను ఇంకా విప్పలేదాయె! కాగితం తీసుకుంది. మర్నాడు భద్రాచలం పోయి, మామూలు చీరలో, వరుసలో నిలబడి ఆఫీసులో ఇచ్చి వచ్చింది.

సినిమాలు నాలుగు చేసింది. మొదటి దానిలో గవర్నర్ పక్కన గొడుగు పట్టుకుని నిలబడింది. రెండో దానిలో ఆమె ముఖానికి గుర్రం ముఖం అడ్డమొచ్చింది. మూడోది విడుదల కాలేదు. నాలుగోదానిలో ఆమె ఉన్న ముక్క కోసేశారు. మొదటి సినిమా చూడ్డానికి తండా మొత్తం ట్రాక్టర్ కట్టుకుని కొత్తగూడెం పోయింది. రూప్లి కొత్త కోడలు అప్పుడు. తెర మీద గొడుగు కనిపించింది, గొడుగు కింద ఏమీ కనిపించలేదు. అత్తగారు మాత్రం సీట్లోంచి లేచి అరిచింది, "అగో, గొడుగు పట్టిన చెయ్యి మా హేమ్లిదే! బొటనేలు మీద కొడవలి గాటు సూడుండ్రి!" వెనక వాళ్ళు కూర్చోమని కేకలేశారు. రూప్లి సిగ్గుతో చచ్చిపోయింది. ఆ సిగ్గు కూడా ఆడబిడ్డ ఖాతాలోనే పడింది.

ఆమె పెళ్ళి చేసుకుందని కొందరు, లేదని కొందరు. ఎవరైనా అడిగితే హేమ్లి, "గవర్నర్‌తోని ఆరొందల సార్లయింది. ఇంకెన్నిసార్లు చేసుకోవాలె?" అనేది. రూప్లికి ఇలాంటి జవాబులంటేనే ఒళ్ళు మంట. నవ్వించి తప్పించుకునే మనిషిని ఎట్లా నమ్మడం?

అన్నిటికన్నా పెద్ద సంగతి అత్తగారు పోయినప్పటిది. కబురు అందడం ఆలస్యమైందో, ఆట మధ్యలో రాలేకపోయిందో, హేమ్లి మూడోనాడు వచ్చింది. చెవి పక్కన తెల్లగా పౌడర్ మరక ఇంకా ఉంది. వాకిట్లో నిలబడింది, గడ్డం పైకెత్తి, కళ్ళార్పకుండా. ఒక్క చుక్క రాలలేదు. నలభై మంది ఆడవాళ్ళు ఆమె ఏడుపు కోసం చూసి చూసి లేచి పోయారు. ఆ తర్వాత ఆమె తండాకు రాలేదు. మిరపకాయ అమ్మడానికి ఖమ్మం పోయినప్పుడు హరిలాలే చూసి వచ్చేవాడు. తర్వాత ఖమ్మంలో డిగ్రీ చదివేటప్పుడు శ్రావణి ప్రతి ఆదివారం అత్త దగ్గరికి పోయేది. అప్పటికి సమాజం మూతపడింది, దూలయ్య పోయాడు, సినిమావాళ్ళు తెల్లదొరసాని కావాలంటే నిజమైన తెల్లదొరసానినే తెచ్చుకుంటున్నారు. హేమ్లి బడిపిల్లలకు వార్షికోత్సవం నాటకాలు నేర్పుకుంటూ బతికింది.

ఇదీ రూప్లి చేతిలో ఉన్న సాక్ష్యాల కట్ట. దాన్ని ముందు పెట్టుకుని ఆమె పరిశోధన మొదలుపెట్టింది.

మొదటి రోజు హేమ్లి చీపురు పట్టి వాకిలి ఊడ్చింది. 'మోకాళ్ళు పోయినామె ఊడుస్తదా?' అనుకుంది రూప్లి. రెండో రోజు ఊడవలేదు. 'అగో, ఒక్కరోజు ముచ్చటే' అనుకుంది. జొన్నరొట్టె తిని "నీ చేతి రొట్టెకు ఖమ్మం మొత్తం దిగదుడుపే రూప్లీ" అంటే, పొగిడి వెనక గది కొట్టేద్దామని చూస్తోందనుకుంది. మూడో రోజు పొగడకుండా తింటే, అప్పుడే ఇల్లు తనదైనట్టు కూర్చుందనుకుంది. మధ్యాహ్నం హేమ్లి మంచం మీద పడుకుని గురక పెడుతుంటే రూప్లి పప్పు ఏరుతున్న చేట పక్కన పెట్టి, మంచం దగ్గరికి పోయి, ఆ గురక నిజమైనదేనా అని చాలాసేపు చెవి పెట్టి విన్నది. గురకలో తాళం మరీ సరిగ్గా ఉంది. అదొక అనుమానం. అంతలో హేమ్లి ఒక కన్ను తెరిచింది.

"ఏంది రూప్లీ?"

"ఏం లేదు వదినె. దోమ."

"పట్టపగలు దోమలా?"

"మా తండల గట్లనే ఉంటయి."

పక్కింటి రాందాస్ భార్యకు రూప్లి తన గోడు చెప్పుకుంది. "ఆమె ఏడిస్తే నటన. ఏడ్వకపోతే రాతిగుండె. ఎట్ల నమ్మాలె చెప్పు?" రాందాస్ భార్య ఆలోచించి, "ఇంకో తీరు ఏముంటది అక్కా? ఏడుసుడో, ఏడ్వకపోవుడో, రెండే గదా" అంది. ఆ చిక్కు అక్కడే నిలిచిపోయింది.

అసలు చిక్కు ఇంకొకటి ఉంది. శ్రావణికి ఢావ్లో రాదు. పెళ్ళికూతురు అత్తారింటికి పోయేముందు తల్లినీ తండ్రినీ మేనత్తలనూ ఒక్కొక్కరినీ పట్టుకుని, ఒక్కొక్కరికి తగిన మాట చెప్పి ఏడవాలి. నేర్పే ముసలమ్మ కిందటేడే పోయింది. పోయిన వేసవిలో అవతలి తండాలో ఒక పెళ్ళికూతురు ఏడవాల్సిన చోట కిసుక్కున నవ్వితే, ఎవరో ఫోనులో పట్టి అందరికీ పంపారు. మూడు మండలాలు చూశాయి. తన ఇంట్లో అలా జరిగితే తలెత్తుకోలేనని రూప్లి భయం.

తానే నేర్పుదామంటే కుదరలేదు. 'నా కన్నతల్లీ' అన్న మొదటి మాట దగ్గరే ఆమెకు నిజంగా ఏడుపు ముంచుకొచ్చేది. బిడ్డ వెళ్ళిపోతోందన్నది గుర్తొచ్చి, కొంగు నోట్లో కుక్కుకుని కూలబడేది. నాలుగుసార్లు కూర్చుంటే నాలుగుసార్లూ పాఠం రెండో చరణం దాటలేదు.

"యాడీ, నువ్వు ఏడుస్తవా, నేర్పుతవా?" అని శ్రావణి తల్లి మీద విసుక్కుంది. "నాకు అత్త నేర్పుతది తీయ్."

రూప్లి కొంగు దులుపుకుని లేచింది. నాటకాల ఏడుపు! నా బిడ్డకు నాటకాల ఏడుపు!

అయిదో రోజు మధ్యాహ్నం మేనత్తా మేనకోడలూ కనిపించలేదు. రూప్లి వెతుక్కుంటూ మిరప కల్లం వైపు పోయింది. గడ్డివాము అవతల నుంచి మాటలు వినిపించాయి. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, వాము పక్కన ఒదిగి కూర్చుంది. గడ్డి మెడలో దూరి దురద పెడుతోంది. అయినా కదల్లేదు.

"గట్ల కాదు పిల్లా. గడ్డం జర పైకి. మూడో వరుసల కూసున్నోనికి సుత వినపడాలె."

"పెండ్లిల మూడో వరుస ఎక్కడుంటది అత్తా?"

"పెండ్లిల ఉండదా? ఫోన్లు పట్టుకుని నిలబడతరే, వాళ్ళే."

రూప్లి ఇక ఆగలేదు. నెత్తి నిండా గడ్డితో లేచి నిలబడింది.

"నీ కాళ్ళు మొక్కుత వదినె, నా బిడ్డను స్టేజీ ఎక్కించకు! నువ్వు ఎట్లనో బతికినవు, అది నీ ఇష్టం. నా బిడ్డ ఏడుపు నా ఇంట్ల ఏడుపు. దానికి గడ్డం పైకి ఎందుకు, దించుడెందుకు?"

శ్రావణి దిక్కులు చూసింది. ఆమె చేతిలో ఫోను ఉంది. ఫోనులో ఎవరో పెద్దావిడ ఢావ్లో పాడుతోంది, ఇంకా ఆపలేదు.

"గదేంది?" అంది రూప్లి.

శ్రావణి ఫోనును వీపు వెనక దాచింది. ఫోను మాత్రం ఏడుస్తూనే ఉంది.

"వీడియో యాడీ. ఇల్లందు దోస్తు పంపింది. ఇద్దరం అదే చూసి నేర్చుకుంటున్నం."

"ఇద్దరం ఏంది?"

హేమ్లి గడ్డి మీద చతికిలబడింది. మోకాళ్ళు టకటకమన్నాయి. ఆ చప్పుడు మాత్రం నటన కాదని రూప్లికి తెలిసిపోయింది.

"నాకు రాదు రూప్లీ" అంది హేమ్లి. "ఎప్పుడు నేర్చుకున్న? పెండ్లి ముంగట నేర్పుతరు. నేను అంతకు ముందుగాలనే బస్సెక్కితి. పిల్ల అడిగింది, రాదని చెప్తే పరువు పోతదని ఒప్పుకున్న."

"ఏడ్వ రాదా? ఇన్ని నాటకాలు ఆడినవు!"

"నా వేషంల ఏడుపు ఎక్కడిది? దొరసాని ఏడ్వదే. దూలయ్య మొదటి రోజే చెప్పిండు, 'దొరసాని గడ్డం దించద్దు, రెప్ప కొట్టద్దు, కంట్ల నీళ్ళు రావద్దు' అని. ఇల్లందుల జనం చెప్పులు ఇసిరితే సుత నిలబడ్డ. ఏడ్వకుండ నిలబడుడే నా పని. ఇరవయ్యారేండ్లు అదే నేర్చుకున్న. అమ్మ పోయిననాడు వాకిట్ల నిలబడితే..."

ఆగిపోయింది. ఆ వాక్యం అక్కడే వదిలేసి, కాలికి అంటిన గడ్డి పరకలు ఒక్కొక్కటే తీసుకుంటూ కూర్చుంది.

రూప్లి మనసు ఒక్క క్షణం మెత్తబడింది. వెంటనే మళ్ళీ గట్టిపడింది. ఇదీ నటనే అయితే? ఇంత బాగా ఆగిందంటే ఆగడం నేర్చుకునే ఉంటుంది.

కానీ పెళ్ళి నాలుగు రోజుల్లో ఉంది. ఏడుపు నేర్పాల్సిన పని మిగిలే ఉంది. అప్పుడు రూప్లికి ఒక ఉపాయం తట్టింది. బిడ్డ మెడ పట్టుకుంటే తను ఏడుస్తోంది. ఈమె మెడ పట్టుకుంటే? ఈమె కోసం తనకు కన్నీరెక్కడిది!

"లేవు వదినె" అంది. "నువ్వు ఉత్తగ నిలబడు. నేను నీ మెడ పట్టుకుని చెప్త. పిల్ల చూసి నేర్చుకుంటది."

ఉపాయం పారింది. హేమ్లి స్తంభంలా నిలబడింది. నిలబడడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. రూప్లి ఆమె మెడ చుట్టూ చేతులు వేసి, పొడి కళ్ళతో, చరణం తర్వాత చరణం, తల్లికి చెప్పే మాట, తండ్రికి చెప్పే మాట, మేనత్తకు చెప్పే మాట, ఎక్కడ ఊపిరి తీయాలి, ఎక్కడ గొంతు విరవాలి, అన్నీ గడగడా చెప్పేసింది. ఒక్క చుక్క రాలేదు. అనుమానం కూడా ఒక్కోసారి ఇంటికి పనికొస్తుంది. మూడు మధ్యాహ్నాల్లో శ్రావణి మొత్తం నేర్చుకుంది. పంచాయతీ తీర్మానాలు రాసే పిల్ల కదా, కాగితం మీద వరస నంబర్లు వేసి మరీ రాసుకుంది.

పెళ్ళి బాగానే జరిగింది. పెళ్ళికొడుకు రామ్‌చందర్, ఆశ్రమ పాఠశాలలో టీచర్. సత్తుపల్లి వైపు వాళ్ళు, మాటలో కాస్త మెత్తదనం ఉన్నవాళ్ళు. మర్నాడు పొద్దున అప్పగింతలు. వాకిలి నిండా ఆడవాళ్ళు. మూడో వరుసలో ఫోన్లు, హేమ్లి చెప్పినట్టే.

శ్రావణి మొదట తండ్రిని పట్టుకుంది. ఆమె మెడ పట్టుకోగానే హరిలాల్ పిల్లకన్నా ముందు తనే భోరుమన్నాడు. తర్వాత తల్లి. రూప్లికి ఆ తర్వాత ఏం జరిగిందో సరిగ్గా గుర్తు లేదు. బిడ్డ ఒక్క మాట తప్పలేదనీ, వాకిట్లో అందరూ కళ్ళు తుడుచుకున్నారనీ తర్వాత విన్నది. ఆమె ఊపిరి తీసుకుని కొంగుతో ముఖం తుడుచుకునేసరికి శ్రావణి వెళ్ళి మేనత్త మెడ పట్టుకుంది.

రూప్లి కళ్ళు వెంటనే పొడిబారి పదునెక్కాయి. ఇప్పుడు చూడాలి. ఇదే సంగతి తేలే చోటు.

"ఓ మా అత్తా," అని శ్రావణి రాగం ఎత్తుకుంది, "ఆదివారం ఆదివారం నీ చేతి అన్నం తింటి, ఇగ ఏ ఊళ్ళె తినాలె..."

ఇది కాగితం మీద లేని మాట. పిల్ల తనంతట తానే అంది. ఇప్పుడు హేమ్లి అదే రాగంలో జవాబు చెప్పాలి. హేమ్లి నోరు తెరిచింది. ఏమీ రాలేదు. మళ్ళీ తెరిచింది. "ఓ..." అని ఒక కూత వచ్చింది; అది రాగం కాదు, మూలుగు కాదు, గొంతులో ఏదో అడ్డం పడ్డ మేక అరుపులా వచ్చింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. హేమ్లి రెండో చరణం ముందు అంది, మొదటిది తర్వాత అంది, తల్లికి చెప్పాల్సిన మాట మధ్యలో కలిపింది. ఎక్కిళ్ళు మొదలయ్యాయి. కళ్ళలోంచి రావాల్సిన నీళ్ళు ముక్కులోంచి వచ్చాయి. చివరికి రాగం వదిలేసి మామూలు మాటలో, "బస్సుల కిటికీ పక్కన కూసోకు బిడ్డా, చెవులకు గాలి కొడతది" అనేసింది.

వాకిలి వాకిలంతా నవ్వింది.

"సినిమా యాక్టరమ్మకు ఏడుపు వస్తలేదు!" అని ఒకామె కేక.

"గవర్నర్ రాలేదని ఏడుస్తున్నదేమో!" అని ఇంకొకామె.

ఫోన్లన్నీ పెళ్ళికూతురిని వదిలి హేమ్లి వైపు తిరిగాయి. మూడు మండలాల నవ్వు రూప్లి ఇంటికే వచ్చి కూర్చునేలా ఉంది. వారం రోజులు ఆమె భయపడింది దీనికే. రూప్లికి కోపం రావాలి. రాలేదు. ఆమె అందరికంటే దగ్గర నుంచి, అందరికంటే అనుమానంగా చూస్తోంది కదా, అందుకే అందరికీ కనిపించనిది ఆమెకు కనిపించింది. హేమ్లి ఫోన్ల వైపు తిరగలేదు. గోడ వైపు తిరిగింది. గడ్డం ఛాతీకి ఆనిపోయింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పిల్ల జడ పట్టుకుని నలుపుతోంది.

కుర్చీ తగులుకుంటే కుర్చీలోనే కూర్చున్న మనిషి. నటించేదైతే ఇంత పాడుచేస్తుందా?

రాందాస్ భార్య రెండే తీర్లు ఉంటాయంది. ఇది మూడోది.

రూప్లి జనంలోంచి దూసుకుపోయి, బిడ్డ రెండు భుజాలూ పట్టి పక్కకు లాగేసింది. ఆ ఖాళీలోకి తను దూరి ఆడబిడ్డ మెడ పట్టుకుంది. పది రోజుల కింద గడపలో పట్టుకోవాల్సిన మెడ.

"ఓ నా వదినె," అని ఎత్తుకుంది, తండా చివరి ఇంటి దాకా వినపడేలా, "ఎవ్వరికి చెప్పకుండ బస్సెక్కితివి, మీ అమ్మ నీ పేరు మీద వాకిలి చూసె... మూడోనాడొస్తివి, చెవి పక్కన పౌడర్‌తో వస్తివి... నేను ఒక్కదాన్నే ఆమె కాళ్ళు పిసికితి, నేను ఒక్కదాన్నే ఆమెకు తానం చేయిస్తి... నీ చెయ్యి చూపిచ్చి మీ అమ్మ సినిమా హాల్ల నా పరువు తీసె... ఓ నా వదినె, నీకు నీళ్ళిచ్చిన నేను, ఏడ్వకుండ నీళ్ళిచ్చిన..."

ముప్పై ఏళ్ళ నేరాలన్నీ రాగంలో వచ్చాయి. ఒక్కటీ వదల్లేదు. ప్రతి చరణం చివరా హేమ్లి జవాబు చెప్పాల్సిన చోట, ఎక్కిళ్ళ మధ్య "అవ్... అవ్ రూప్లీ..." అని మాత్రం అంటోంది. రాగం ఇప్పటికీ తప్పే. కానీ ఎవరూ నవ్వలేదు. కేక వేసినామె తన కొంగు తనే వెతుక్కుంటోంది.

బయట కారు హారన్ మోగింది. మళ్ళీ మోగింది. రామ్‌చందర్ తరఫు పెద్దాయన ఒకరు లోపలికి తొంగి చూసి, "ఏమండీ, పిల్లని పంపిస్తారా, లేకపోతే సాయంత్రం రమ్మంటారా?" అన్నాడు.

"ఎవరి పెండ్లి యాడీ ఇది? నాదా, మీదా?" అంది శ్రావణి, పక్కన ఒంటరిగా నిలబడి, పూలదండ సర్దుకుంటూ.

అప్పుడు వదిలారు ఇద్దరూ. బిడ్డను కారెక్కించారు. దుమ్ము అణిగాక తండా ఆడవాళ్ళు ఎవరిళ్ళకు వాళ్ళు పోయారు. హేమ్లి అరుగు మీద కూర్చుని ముక్కు చీదుకుంటోంది. రూప్లి లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఈసారి వరస సరిగ్గానే ఉంది.

హేమ్లి తాగి, చెంబు కింద పెట్టి, నేల చూస్తూ అడిగింది. "మరి పోనా రూప్లీ, ఉండనా?"

"పోయి ఏం చేస్తవు? గట్ల ఏడిస్తే ఖమ్మంల ఎవ్వరు ఉండనిస్తరు నిన్ను?" అంది రూప్లి. అని పెరటి వైపు తిరిగి కేక పెట్టింది. "ఓయ్, ఎనక అర్రల విత్తనాల బస్తాలు తీసెయ్యి!"

హరిలాల్ ఉబ్బిన కళ్ళతో వచ్చాడు. "తీసి ఎక్కడ పెట్టాలె?"

"నా నెత్తి మీద పెట్టు. అది సుత నేనే చెప్పాల్నా?"